మాటల మంద

తెలుగు మీడియంలో డిగ్రీ చదివి ఉస్మానియా హాస్టల్‌కు వచ్చినవాణ్ణి. ఆ తర్వాత తార్నాకలోనే ఇల్లు, పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడమే పని. పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు ఎలా నేర్చుకోవాలని ఇప్పటికీ వచ్చి అడుగుతారు. నాకు తెలిసినవి చెబుతాను.

1. జాబితా బట్టీ పట్టకండి. ఒకప్పుడు జీఆర్‌ఈ కోసం బారన్స్ పుస్తకంలోని 3,500 మాటల పట్టికను క్యాంపస్ చెట్ల కింద తిరుగుతూ అప్పజెప్పుకునేవాళ్లు. ‘సి’ అక్షరానికి వచ్చేసరికి ‘ఎ’లోవి పోయేవి. 2011 ఆగస్టులో ఆ పరీక్షలోంచి వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. వాక్యంలో ఏ మాట అతుకుతుందో తెలిసినవాళ్లకే ఇప్పుడు మార్కులు.

2. మాటను విప్పి చూడండి. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. మందలో కలిసి తిరగడం ఇష్టమైనవాడు గ్రెగేరియస్. మందగా చేరితే కాంగ్రిగేట్, మంద నుంచి వేరుచేస్తే సెగ్రిగేట్. మరి ఎగ్రీజియస్? మందలోంచి బయటికి, అందరికీ కనబడేలా నిలిచింది. మొదట్లో అది మెచ్చుకోలు. తర్వాత తర్వాత ఘోరమైన తప్పు అన్నప్పుడే వాడటం మొదలైంది. ఒక్క వేరు పట్టుకుంటే నాలుగు మాటలు చేతికొచ్చాయి, పైగా ఒకదాని కథ కూడా తెలిసింది. కథ తెలిసిన మాట మరుపుకు రాదు. మన పేటనే చూడండి: తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. రోజూ బస్సు దిగుతూ అనే పేరే, ఎప్పుడైనా విప్పి చూశామా?

3. పైకి కనిపించే పోలిక నమ్మకండి. రెస్టివ్‌లో రెస్ట్ కనిపిస్తుంది గానీ, కుదురు లేనితనం దాని అర్థం. నాయిసమ్‌కు చప్పుడుతో పనిలేదు, అది కంపు. ఎనర్వేట్ శక్తినివ్వదు, ఉన్నది లాగేస్తుంది.

4. తెలుగు అర్థం రాసుకోండి, అక్కడితో ఆగకండి. హాస్టల్ రోజుల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తులో మా గురువుగారిని ‘నొటోరియస్’ పండితుడని రాశాను. నా దగ్గరున్న చిన్న డిక్షనరీలో ‘పేరుమోసిన’ అని ఉంది మరి. చౌరస్తా దగ్గర టైపు మిషన్ పెట్టుకున్న పెద్దాయన ఆ మాట మీద వేలు ఆపి, “బాబూ, మీ సారు ఏదైనా కేసులో ఉన్నారా?” అని మెల్లగా అడిగారు. నాకు ఒళ్లు చల్లబడింది. తెలుగులో పేరుమోసిన దొంగా ఉంటాడు, పేరుమోసిన డాక్టరూ ఉంటాడు. నొటోరియస్‌లో మాత్రం డాక్టరుకు చోటు లేదు. ఆయన కార్బన్ పేపర్లు సర్ది ఆ పేజీ మొత్తం మళ్లీ కొట్టిచ్చారు, రెండోసారికి పైసా తీసుకోలేదు. అప్పటి నుంచి ప్రతి కొత్త మాట పక్కన అర్థంతోపాటు అది ఎవరి గురించి అంటారో, మెచ్చుకోలో తిట్టో కూడా రాసుకుంటున్నాను.

5. తెలుగు మీడియం అని తల దించుకోకండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది ఉర్దూ మీడియంలోనే. పాఠ్యపుస్తకాల కోసం అంతకు ముందే అనువాద శాఖ పెట్టి, శాస్త్రాలకు కావలసిన మాటలు ఉర్దూలో తయారుచేసుకున్నారు. ఇంగ్లిష్ మీడియం 1948 తర్వాతి సంగతి. పక్కనే ఉన్న ఇఫ్లూ, 1958లో ఇంగ్లిష్ బోధన కోసం పెట్టిన సంస్థే, పెరిగి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంగ్లిష్ కూడా మన దగ్గర చేయి చాచింది. బాండికూట్ అని వాళ్లు రాసుకున్నది మన పందికొక్కునే!

6. కొత్త మాటతో మీ ఇంటి సంగతి ఒక్కటి రాయండి. డిక్షనరీలోని వాక్యం ఎత్తి రాయొద్దు. ఎఫెమెరల్ అంటే గ్రీకు మూలంలో ఒక్క రోజు నిలిచేది. మొన్న నా దగ్గరికొచ్చే అమ్మాయి ఆ మాట కింద ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాసి చూపించింది. దానర్థం: “అమ్మ పొద్దున కొన్న మల్లెలు ఎఫెమెరల్, అందుకే రేపూ కొంటుంది.”