పొలం చేతులు మారే వేళ

రాజోలు

చిరంజీవి చిన్నతల్లికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంగ్లాండులో ట్రాక్టర్లతో రోడ్డెక్కిన రైతుల గురించి చదువుతుంటే మన ఊరి వాళ్ళ గురించి చదివినట్టే అనిపించింది. "మన దగ్గర కూడా పొలాల వారసత్వం మీద పన్ను వేస్తే ఏం చేయాలి తాతయ్యా?" అని అడిగావు. మంచి ప్రశ్న. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

2024 అక్టోబరు 30న వాళ్ళ ఆర్థికమంత్రి రేచెల్ రీవ్స్ బడ్జెట్ పెడుతూ, తరతరాలుగా సాగే పొలాలకు ఉన్న పూర్తి మినహాయింపుకి హద్దు గీసింది. పది లక్షల పౌండ్లు దాటిన విలువ మీద 20 శాతం కట్టాలంది. నవంబరు 19న వేలమంది రైతులు లండన్ వచ్చి నిరసన తెలిపారు. ఏడాది పైగా పట్టు విడవలేదు. చివరికి 2025 డిసెంబరులో ఆ హద్దును 25 లక్షల పౌండ్లకు పెంచక తప్పలేదు. వాళ్ళ వాదనలో బలమెక్కడుందో మన డెల్టా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. సార్వాలో ఎకరానికి ముప్ఫై బస్తాలు వస్తే బాగా పండిందంటాం. ఆ ఎకరం ధర మాత్రం, రోడ్డు పక్కనైతే, జన్మంతా ధాన్యం అమ్మినా కూడబెట్టలేనంత. పంటను చూడకుండా ధరను చూసి పన్ను వేస్తే, కట్టడానికి ఒక చెక్క అమ్ముకోవాల్సిందే. అయితే పన్ను తప్పించుకోవడానికే పొలాలు కొన్న ధనవంతులు అక్కడ ఉన్నారన్నదీ నిజం. ప్రభుత్వం చూపిన కారణాల్లో అదొకటి. నువ్వు ఆ రైతుల పక్షాన రాయదలిస్తే ఆ మాట దాచకు. దాచి గెలిచిన వాదన నిలవదు.

మన దేశంలోనూ ఇలాంటి పన్ను ఒకప్పుడు ఉండేది. 1953లో ఎస్టేట్ డ్యూటీ చట్టం తెచ్చారు. ఒక దశలో పెద్ద ఆస్తుల మీద 85 శాతం దాకా పోయింది. వసూలయ్యేది తక్కువ, వ్యాజ్యాలు ఎక్కువ. 1985 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి వి.పి. సింగ్ దాన్ని ఎత్తేశారు. 2024 ఎన్నికల వేళ కాంగ్రెస్ నాయకుడు శామ్ పిట్రోడా అమెరికా వారసత్వ పన్ను ప్రస్తావన తెచ్చినప్పుడు దేశమంతా గగ్గోలైంది, అంతే, మళ్ళీ చల్లబడింది. ఇక్కడ నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతొకటుంది. వ్యవసాయ భూమి వారసత్వం మీద సుంకం వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా తీసి 47, 48 అంశాలు చూడు. రేపెప్పుడైనా ఆ మాట వస్తే మన రైతు ముందుగా అడగాల్సింది అమరావతినే.

కానీ తల్లీ, నాకు తెలిసినంతలో గోదావరి జిల్లాల్లో ఏ కుటుంబమూ పన్ను కట్టలేక పొలం పోగొట్టుకోలేదు. పెద్దాయన పోయాక కాగితం మీద పేరు మారక పోగొట్టుకున్నవాళ్ళు బోలెడుమంది. 1971 నాటి పాసుపుస్తకాల చట్టం ప్రకారం, వారసత్వంగా భూమి వచ్చినవాళ్ళు తొంభై రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. దినకార్యాలు ముగిశాక ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. అన్న హైదరాబాదులో, తమ్ముడు బెంగళూరులో, చెల్లెలు కువైట్‌లో. పట్టాదారు పాసుపుస్తకంలో తాత పేరే ఉంటుంది. పదేళ్ళు గడిచాక ఎవరో ఒకరు అమ్మబోతారు. అప్పుడు మొదలవుతుంది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అడంగల్, 1బీ అంటూ తిరుగుడు. ఈలోపు సరిహద్దు రైతు గట్టు రెండడుగులు జరిపేసి ఉంటాడు.

అందుకే మొన్నటి భూహక్కు చట్టం మీద మన వాళ్ళు చేసిన పోరాటం నాకు వారసత్వపు పోరాటంగానే కనబడింది. ల్యాండ్ టైట్లింగ్ చట్టమన్నారు. 2022లో శాసనసభ ఆమోదించింది, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. ఇప్పటిదాకా ఉన్న పద్ధతిలో పాసుపుస్తకంలో పేరుంటే అది నిజమని అనుకుంటారు, తప్పని రుజువైతే మారుతుంది. ఆ కొత్త చట్టంలో రిజిస్టరుకెక్కిన పేరు మీద రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయమయ్యేది. అభ్యంతరం చెప్పాలంటే సివిల్ కోర్టుకి వెళ్ళే వీలుండేది కాదు. టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరకి, ఆపైన అప్పిలేట్ అధికారి దగ్గరకి, అక్కడా కాకపోతే హైకోర్టుకి. మన రాజోలు నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడపిల్లని తలుచుకో. రెండేళ్ళకోసారి వస్తుంది. ఆమె లేనప్పుడు అన్నదమ్ములు తమ పేర్లు ఎక్కించుకుంటే, ఆమె వచ్చేసరికి గడువు ముగిసిపోయి ఉండేది. ఆమె వాటా కోసం రాజోలు కోర్టు మెట్లెక్కే దారి ఉండేది కాదు.

న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. మన గోదావరి జిల్లాల బార్లూ కదిలాయి. సరిహద్దు రాళ్ళ మీద, పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేయడం జనానికి మరీ కష్టంగా తోచింది. తాతలిచ్చిన భూమి మీద ఇంకొకరి బొమ్మేమిటని ఆడవాళ్ళు కూడా అడిగారు. ఎన్నికలయ్యాక, 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బాధ్యతలు తీసుకున్న రోజునే రద్దు ఫైలు మీద సంతకం చేశారు. జులైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది.

ఆ పోరాటం గెలిచినందుకు నాకు సంతోషమే. కానీ "ఈ చట్టంతో భూములన్నీ లాగేసుకుంటారు" అని ఊళ్ళలో జరిగిన ప్రచారం నాకు నచ్చలేదు. చట్టంలో ఆ మాట లేదు. సివిల్ కోర్టు తలుపు మూయడం చాలదా, దాన్ని ఎదిరించడానికి? లేని భయం పెట్టి కూడగట్టిన జనం, భయం తీరగానే ఇళ్ళకి పోతారు. చట్టం పోయింది గానీ, పేర్లు మారని పాసుపుస్తకాలు అలాగే ఉన్నాయి. వాటి గురించి ఊరేగింపు తీసినవాళ్ళు నాకు కనబడలేదు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. యజమాని చనిపోయాక వారసులు పంచుకునే భూమి విలువ పది లక్షల లోపైతే వంద రూపాయలకి, దాటితే వెయ్యి రూపాయలకి గ్రామ సచివాలయంలోనే రిజిస్ట్రేషన్ చేసేలా నిర్ణయించింది. నువ్వు చెప్పే వారసత్వ పన్ను మన దగ్గర ప్రస్తుతానికి ఇంతే. ఈ సంగతి ప్రతి ఇంటికీ చేర్చడమే ఇప్పుడు చేయాల్సిన ప్రచారం.

ఇంకొక మాట. వారసత్వం అనగానే మగపిల్లల పేర్లే పలికే అలవాటు మనకింకా పోలేదు. ఎన్.టి. రామారావు హయాంలోనే, కేంద్రం కంటే ఇరవై ఏళ్ళ ముందు, మన రాష్ట్రం ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. అయినా "కట్నం ఇచ్చేశాం కదా" అంటూ సంతకాలు పెట్టించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నేను విల్లు రాసి రిజిస్టరు చేయించాను. మీ నాన్నకీ మీ అత్తకీ చెరిసగం.

ఆ సగాల్లో నాగలి పట్టేది మాత్రం వాళ్ళిద్దరూ కాదు, మన కౌలు రైతు. డెల్టాలో సాగు చేసేవాళ్ళలో ఎక్కువమంది అతనిలాంటివాళ్ళే. మక్తా ముందే మాట్లాడుకుంటారు, తుపాను వచ్చి చేను పడుకుంటే నష్టం వాళ్ళదే. 2019 నాటి సాగుహక్కుల చట్టం కింద పదకొండు నెలల సాగుహక్కు పత్రం ఇవ్వాలంటే యజమాని సంతకం కావాలి. పొలం పోతుందేమోనన్న భయంతో యజమానులు సంతకం పెట్టరు. పత్రం లేనిదే బ్యాంకు అప్పూ లేదు, నష్టపరిహారమూ అందదు. ఆ పత్రం సాగుకే గానీ హక్కుకి కాదని చట్టంలోనే ఉంది. కుటుంబ పొలాన్ని కాపాడాలని గొంతెత్తేవాళ్ళు ఈ కుటుంబాన్ని మరిచిపోతే ఆ మాటకి విలువ లేదు.

నేను ఏటా సంతకం పెడుతున్నాను. నా తర్వాత మీ నాన్న, అత్త పెట్టేలా చూడు. నీ చేతికి వచ్చినప్పుడు నువ్వూ పెట్టు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఆశీస్సులతో
తాతయ్య