వయొలిన్లు లేని వాల్కిరీలు

థోర్, లోకి అంటే మనకి మార్వెల్ సినిమాలే గుర్తొస్తాయి. నాకూ అంతే. కానీ అమెరికాలో స్కూలు, కాలేజీ పిల్లలు ఆ నార్స్ పురాణాల్ని కాన్సర్ట్ బ్యాండ్‌లో వాయిస్తారు. ఇందులో వయొలిన్లు ఉండవు. ఊదే వాయిద్యాలు, డ్రమ్స్ లాంటివే.

బ్యాండ్‌కి మార్చి రాసుకున్న వాటిలో వాగ్నర్ "రైడ్ ఆఫ్ ద వాల్కిరీస్" ఒకటి. ఆ ఆపెరా మొదటి ప్రదర్శన 1870లో, మ్యూనిక్‌లో. వాల్కిరీలంటే యుద్ధంలో చనిపోయిన వీరుల్ని ఓడిన్ ఉండే వల్హల్లాకి తీసుకెళ్ళే కన్యలు. గుర్రాల మీద ఆకాశంలో వస్తారు.

లెక్క సింపుల్. ఒక్కో బార్‌లో మూడు మూళ్ళు తొమ్మిది. తకిట తకిట తకిట అని చేత్తో వేసి చూడండి, గుర్రం దౌడు వినిపిస్తుంది.

అసలు ట్యూన్ ఇత్తడి వాయిద్యాలది. ఒరిజినల్‌లో వయొలిన్లు సర్రున పైకి లేచే స్వరాలు బ్యాండ్‌లో ఎక్కువగా క్లారినెట్లకి వస్తాయి. విల్లుకి ఊపిరి అక్కర్లేదు, క్లారినెట్‌కి కావాలి. అందుకే పొడవైన చోట్ల పక్కపక్కన కూర్చున్నవాళ్ళు వంతులేసుకుని గాలి పీల్చుకుంటారు. ఒకరు ఆగితే ఇంకొకరు నడిపిస్తారు. మన భాషలో లోడ్ బ్యాలెన్సింగ్.

స్కూల్ డేకి ట్యూన్ వేరేవాడికిచ్చి నన్ను వెనక కార్డ్స్ వాయించమన్నారని ఎనిమిదో క్లాసులో కీబోర్డ్ మానేశాను. మొన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ట్యూన్ వదిలేసి క్లారినెట్లనే విన్నాను. అవి లేకపోతే ఆ గుర్రాలు నేల మీదే ఉంటాయి.

కీబోర్డ్ ఇంకా అటక మీదే ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు దింపాలి.