పాత ఏసీకి కొత్త గ్యాసా?

ప్రశ్న: మా పాత స్ప్లిట్ ఏసీలో ఆర్-22 గ్యాస్ ఏటా తగ్గిపోతోంది. ఈసారి ఆర్-32 నింపుతానంటున్నాడు మెకానిక్. నింపించవచ్చా?

జవాబు: వద్దండి. ఆర్-32 పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. పాత కంప్రెసర్ దానికోసం చేసింది కాదు, అందులోని ఆయిల్ కూడా దీనికి పడదు. పైగా ఆర్-32కు కొద్దిగా మండే గుణముంది.

అసలు సంగతి వేరే ఉంది. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టమనండి. అతికించి, వాక్యూమ్ చేశాక ఆర్-22నే తూకం ప్రకారం నింపించండి. లీకు కాయిల్‌లో ఉంటే మాత్రం కొత్త ఏసీ కొనడమే నయం. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-22ను దశలవారీగా తగ్గిస్తున్నారు. 2030 తర్వాత దొరకడం కష్టమే.