క్రైస్తవ జీవనమున నిశ్చింత యను నపాయము

చేవెళ్లనుండి మొయినాబాదు మీదుగా నగరమునకు వచ్చువారికి ఉస్మాన్ సాగరము సుపరిచితమే. 1908వ సంవత్సరమున మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై ఈ జలాశయమును 1920లోను, హిమాయత్ సాగరమును 1927లోను ముగించిరి. అయినను కట్టతో కావలి తీరలేదు. 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువుచే మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములతో గూడ 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించెను. 2022లో ఆ హద్దులనే తొలగింప బూనుకొనెను. నీరు నిశ్చలముగ నున్న దినములలోనే గదా జనులు వరదను మఱచుట!

క్రైస్తవ జీవనమునందలి ప్రమాదమును ఇట్టిదే. కరవు కాటకములలో ప్రార్థన తానై పుట్టును. ఆపద తొలగి, ఆలయము లేచి, బిడ్డలు చదివి యుద్యోగముల కెక్కిన పిమ్మట, తమకేమియు కొదువలేదను భావము మెల్లగా లోన ప్రవేశించును. ప్రకటన గ్రంథమున లవొదికయ సంఘము పొందిన మందలింపు ఈ తృప్తికే గాని పేదతనమునకు గాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు చూపిన దృష్టాంతము మఱింత కఠినము: సముద్రమును దాటినవారే, మన్నాను భుజించినవారే, అరణ్యమున కూలిరి. న్యాయస్థానములలో తిరుగు మాకు ఇది సులభముగ బోధపడును. దస్తావేజు పెట్టెలో భద్రముగ నున్నను, పండ్రెండేండ్లు అన్యుని ప్రతికూల స్వాధీనమున భూమిని విడిచినవాడు హక్కును గోల్పోవును.

కరవుకాలమున కూలివాండ్రకు ధాన్యమిచ్చి కట్టించిన మెదకు ఆలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. ఆ యాకలి నెఱిగినవారి కృతజ్ఞత, మనుమల కాలమున వట్టి విహారయాత్రగా మాఱుట యసాధ్యము గాదు.

భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పై, 1912లో దోర్నకలున నియుక్తులైన అజరయ్యగారు ఈ యపాయమును బాగుగ నెఱిగినవారు. బాప్తిస్మము పొందినవారిచే చేయి తలపై నుంచుకొనజేసి, సువార్త చాటు భారమును తమమీద వేసికొనునట్లు పలికించెడివారు. అనగా బాప్తిస్మము వారి దృష్టిలో పని ముగియుట గాదు, పనిలో చేరుట. సంఘములోని మద్యపానమును, మాల మాదిగల నడిమి భేదమును పోగొట్టుటకు వారు మిక్కిలి పాటుపడిరి.

ఈ కులభేదమే నేటికిని గట్టి పరీక్ష. ఒకే ప్రభుభోజనమును పుచ్చుకొని, పెండ్లిమాటల కడకు వచ్చునప్పటికి కులము నడుగు క్రైస్తవుడు తన యాత్మస్థితినిగూర్చి నిశ్చింతగ నుండుట యెట్లు? ఏ సంవత్సరమున మాఱితినను సాక్ష్యమును పదిసార్లు చెప్పుకొనుట తేలిక. ఈ వారము ఎవనితో రాజీపడితిని, ఎవని బాకీ తీర్చితిని, ఎవనిని మన్నింపుమని వేడితిని అనునవి తేలికలు గావు. ఈ విచారణను శనివారపు సాయంకాలమున, మఱునాటి ఆరాధనకు ముందుగ, ఇంటిలోనే జరుపుకొనవచ్చును. భార్యాబిడ్డలను సాక్షులుగ పిలుచుకొన్నచో మఱియు మంచిది.