పెరటి దోసపాదు: ఆరోగ్యముగా పెంచు విధము

“దోస మా పెరటికి అచ్చిరాదు” అని పలువురు గృహస్థులు చెప్పుచుందురు. ఒకయింట మొలకలు లేచిన వారమునకే మాయమగును. ఒకయింట తీగ పందిరినిండ ప్రాకియు పిందె నిలువదు. మఱియొకయింట కాయలు పుష్కలముగా కాసియు నోట బెట్టుకొనరాని చేదుగా నుండును. ఈ మూడింటికిని కారణములు వేర్వేరు. వాని నెఱిగి నడచుకొన్నవారికి ఏ పెరడైనను అచ్చివచ్చును.

ఎకరముల లెక్కన సేద్యము చేయువారికి గాక, ఇంటి నూతియొద్ద నాలుగు పాదులు పెట్టుకొను సంఘసభ్యులకొఱకు ఈ పాఠము వ్రాయబడినది. పెరటికాయను పిల్లలు కడుగకయే కొఱికి తినుదురు. కావున విషపు మందులతో పనిలేకుండ పాదును కాపాడుకొను మార్గములే ఇందు ముఖ్యముగా చెప్పబడును.

1. కాలము, రకము

దోస వెచ్చదనమును కోరు తీగ. చలి ముదిరినపుడు విత్తనము సరిగా మొలవదు, మొలచినను ఎదుగదు. మన ప్రాంతములందు తొలకరి పిదప జూన్, జూలై మాసములందును, చలి వెనుకబట్టిన పిదప జనవరి, ఫిబ్రవరి మాసములందును విత్తుట మేలు. వేసవి పాదునకు నీరు అధికముగా కావలెను. వానకాలపు పాదునకు తెగుళ్ల బెడద హెచ్చు.

పప్పునకును, కూరకును, దోసావకాయకును పనికివచ్చు పసుపుపచ్చని కూరదోస యొకటి. పచ్చిగా తినుటకు అనువైన కీరదోస యొకటి. రెండును ఒక్క కుటుంబమునకే చెందినవి. పెంచు విధమును ఇంచుమించు ఒక్కటే. కీరదోసలో పాయిన్‌సెట్ అను రకము బూజుతెగులును, బూడిదతెగులును కొంతవఱకు తట్టుకొనును. పాలిహౌసులకై అమ్ము కొన్ని సంకర రకములు పరాగసంపర్కము లేకయే కాయలు కాయును. వాని విత్తనము వెల హెచ్చు. ఆ కాయలనుండి విత్తనము దాచుకొను వీలులేదు. పెరటికి అట్టివి అవసరములేదు.

2. విత్తనము

ప్రాత విత్తనమును నమ్మి కాలము పోగొట్టుకొనరాదు. పది గింజలను తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ నాలుగైదు దినములు వెచ్చనిచోట నుంచుడు. ఏడింటికి తక్కువగా మొలకెత్తినయెడల ఆ విత్తనమును విడిచి వేఱొకటి తెచ్చుకొనవలెను.

ఇచ్చట సంఘమువలన లాభము కలదు. నాలుగు పాదులకు, పాదునకు నాలుగు చొప్పున, 16 గింజలు చాలును. పది గ్రాముల పొట్లములో ఇంచుమించు మూడు నాలుగు వందల గింజలుండును. ఒక్కొక్కరు ఒక్కొక్క పొట్లము కొనినయెడల మిగిలిన గింజ డబ్బాలో ముదిరి చెడును. ఇరువది కుటుంబములవారు చేరి ఒక్క మేలైన పొట్లమును కొని పంచుకొన్నచో వ్యయము స్వల్పము, విత్తనము ఏటేట క్రొత్తది.

3. నేల, పాదు

నీరు నిలువని, దినమునకు కనీసము ఆరుగంటల యెండ తగులు చోటు నెన్నుకొనవలెను. గడచిన పంటకాలమున గుమ్మడి, బీర, కాకర, పొట్ల వంటి తీగలున్న తావున దోసను పెట్టరాదు. వాని తెగుళ్లును పురుగులును నేలలో దాగి దీనికిని సోకును.

అడుగున్నర వెడల్పు, అడుగు లోతున గుంట త్రవ్వి, పైమట్టిలో ఒక తట్టెడు బాగుగా చివికిన పశువుల యెరువును, రెండు గుప్పెళ్ల వేపపిండిని కలిపి పూడ్చవలెను. పచ్చిపేడ వేసినచో వేళ్లు మాడును. గుంటకు గుంటకు రెండడుగుల యెడము విడువవలెను. విత్తనమును అరంగుళము లోతునకు మించి పాతరాదు. మొలచి రెండు మూడు ఆకులు తొడిగిన పిదప బలమైన రెండు మొక్కల నుంచి, తక్కినవానిని పెఱుకక, మొదట కత్తిరించి తీసివేయవలెను. పెఱికినచో ప్రక్కమొక్క వేళ్లు కదలును.

తీగను నేలపై విడుచుటకంటె పందిరి కెక్కించుట మేలు. ఆకులకు గాలి తగిలి తడి త్వరగా ఆరును, కాయకు మన్ను తగులక కుళ్లు తగ్గును, పురుగు కంటబడును.

4. నీరు

కీరకాయలో నూటికి 95 పాళ్లు నీరే. వేళ్లో, అడుగులోతు మట్టిలోనే ఎక్కువగా వ్యాపించును. కావున ఒకనాడు బిందెలు గుమ్మరించి మూడునాళ్లు మఱచుట ఈ తీగకు కీడు. వేసవిలో ప్రతిదినమును, ఇతర కాలములందు నేల తడి చూచియు, కొలదికొలదిగా పోయవలెను. నీరు మొదట పోయవలెనుగాని ఆకులమీద చిలుకరించరాదు. ఉదయమున పోయుట శ్రేష్ఠము. పాదుచుట్టు రెండంగుళముల మందమున ఎండుగడ్డి గాని, ఎండుటాకులు గాని పఱచినయెడల తడి నిలుచును, కలుపు తగ్గును. మొలకదశలో మాత్రము నీరు మితిమీరినచో మొదలు కుళ్లి మొక్క ఒరిగిపోవును.

5. పూవు, పిందె

తీగ మొదట మగపూలనే పూయును. ఇవి రాలిపోవుట చూచి పాదు చెడినదని దిగులుపడ నక్కఱలేదు. కొన్నిదినములకు ఆడుపూలు వచ్చును. పూవు క్రింద చిన్న పిందె ఆకారమున్నయెడల అది ఆడుపూవు. సన్నని కాడమాత్ర మున్నయెడల మగపూవు. మగపూలు వ్యర్థములని గిల్లివేయువారు తమ పంటను తామే పోగొట్టుకొందురు. మగపూవులోని పుప్పొడిని తేనెటీగలు ఆడుపూవునకు చేర్చినగాని పిందె నిలువదు. చాలినంత చేరనిచో కాయ ఒకవైపు ఉబ్బి ఒకవైపు సన్నగిలి వంకరపోవును.

ఈగలు రాని పెరటిలో ఉదయమున క్రొత్తగా విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసి, దాని నడిమిభాగమును ఆడుపూవు నడిమిభాగమునకు మెల్లగా తాకింపవలెను. ఎనిమిది తొమ్మిది గంటలలోపల ఈ పని ముగింపవలెను. నత్రజని యెరువు అధికమైనను, ఎండ తీవ్రమైనను మగపూలు హెచ్చును. మొక్క రెండు మొదలు నాలుగు ఆకుల దశలో నున్నపుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి పిచికారి చేసిన ఆడుపూలు హెచ్చునని వ్యవసాయ శాస్త్రజ్ఞుల సలహా. మోతాదు మించినచో ఆకులంచులు మాడును.

6. చేదు ఎచ్చటనుండి వచ్చును?

ఈ కుటుంబపు తీగలయందు స్వభావముచేతనే ఒక చేదు పదార్థము కలదు. మంచి రకములలో అది ఆకునందును కాండమునందును నిలిచి, కాయకు చేరదు. నీటి యెద్దడియు, తీవ్రమైన యెండయు కలిగినపుడు కాయలోనికి దిగును. చేదు విత్తనమైనచో ఎంత సాకినను మారదు.

ప్రక్కింటి చేదుపాదు పుప్పొడి సోకి మన కాయ చేదెక్కినదని తగవులాడుకొనుట కలదు. ఇది సరికాదు. కాయ కండ తల్లితీగకు చెందినది. ఆ యేటి కాయ రుచి పుప్పొడిచే మారదు. కాని ఆ కాయలోని గింజలను దాచి మరుసటియేడు నాటినచో, అపుడు చేదు బయటపడవచ్చును. కావున తగవు ప్రక్కింటివారితో గాక విత్తనముతో తీర్చుకొనవలెను.

చేదు ముచ్చికయొద్దను, తొక్కక్రిందను హెచ్చుగా నుండును. ముచ్చికను కొంత మందముగా కోసి, తొక్క తీసినయెడల స్వల్పమైన చేదు తగ్గును. వండినను చేదు పదార్థము నశింపదు. మిక్కిలి చేదైన కాయను మసాలాతో కప్పి పెట్టరాదు. అట్టిది వాంతులు, విరేచనములు కలిగించును. ఇల్లాండ్రు దోసకాయను తరుగుచు ముక్క నాలుకపై వేసి చూచు అలవాటు మిక్కిలి మంచిది. దానిని మానరాదు.

7. పురుగులు, తెగుళ్లు

ఎఱ్ఱ పెంకుపురుగు: మొలక ఆకులకు రంధ్రములు చేసి తినును, దీని పిల్లపురుగు నేలలో వేళ్లను కొఱుకును. మొదటి మూడువారములు ప్రతి ఉదయమును, పురుగు మందకొడిగా నున్నపుడే ఏరి సబ్బునీటిలో వేయవలెను. మంచుతడిమీద కట్టెబూడిద చల్లుట ప్రాత పద్ధతి, అదియు సహాయకారి.

పండు ఈగ: లేతకాయను పొడిచి గ్రుడ్లు పెట్టును, లోపల పురుగులు పుట్టి కాయ కుళ్లును. పిందెకు కాగితపుసంచి గాని పలుచని గుడ్డ గాని కట్టవలెను. రాలిన కాయ నొక్కటియు పెంటకుప్పలో వేయక, రెండడుగుల లోతున పాతిపెట్టవలెను. పాదుక్రింది మన్నును అప్పుడప్పుడు తిరుగవేసినచో గూటిపురుగులు ఎండకు, పక్షులకు బలియగును. ఒక్కయింటి శుభ్రతచే ఈ యీగ తగ్గదు. వీధివారందరును కలిసి చేయవలెను.

పేనుబంక: ఆకు ముడుచుకొనును. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బును కలిపి సాయంకాలమున ఆకుల అడుగున చల్లవలెను. ఉదయమున చల్లినచో తేనెటీగలకు హాని.

మొజాయిక్ తెగులు: ఆకులపై పసుపుపచ్చని మచ్చలు, ముడుతలు కలిగి తీగ గిడసబారును. దీనిని పేనుబంక వ్యాపింపజేయును. సోకిన తీగకు మందు లేదు, పెఱికి కాల్చివేయవలెను.

బూడిదతెగులు ఆకుపైన తెల్లనిపొడివలె నుండును. బూజుతెగులునకు ఆకుపైన కోణాకారపు పసుపుమచ్చలును, అడుగున బూజును కన్పట్టును. సోకిన ఆకులను తొలగించి, పందిరిని పలుచన చేయవలెను. బూడిద తెగులని గంధకము చల్లరాదు. ఈ జాతి ఆకులు గంధకమునకు మాడును. తప్పనిసరియై ఏ మందైనను వాడినచో, డబ్బాపై ముద్రించిన గడువు ముగియువఱకు కాయ కోయరాదు. ఆ సంగతి ఇంటిలోని పిల్లలకు ముందే చెప్పవలెను.

8. కోత, విత్తనపుకాయ

విత్తిన 45 మొదలు 60 దినములకు కాయలు కోతకు వచ్చును. కీరకాయను లేతగా, గింజ గట్టిపడకముందే, రెండు మూడు దినముల కొకసారి కోయవలెను. ఒక్కకాయ తీగపై పండినను క్రొత్తపిందెలు తగ్గును.

విత్తనమునకు మేలైన, తెగులులేని తీగను ఎన్నుకొని, మఱునాడు విచ్చబోవు ఆడుమొగ్గను, మగమొగ్గను సాయంకాలమున దారముతో కట్టి, ఉదయమున చేతితో పుప్పొడి తాకించి, పూవును మరల కట్టవలెను. ఆ కాయకు గుర్తుగుడ్డ కట్టి పూర్తిగా పండనిచ్చి, గింజలను గుజ్జుతోకూడ ఒకటి రెండు దినములు పులియబెట్టి కడిగి, మునిగిన గింజలనే నీడన ఆరవేయవలెను. ముందుగా ఆ కాయ ముక్క రుచి చూడవలెను. చేదైనచో ఆ గింజ దాచరాదు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మగపూలను గిల్లివేయుటవలన నష్టమేమి?
2. ప్రక్కింటి పుప్పొడివలన ఈ యేటి కాయ చేదెక్కునా? మరుసటియేటి సంగతి యేమి?
3. రాలిన కాయలను పెంటకుప్పలో వేసినచో వీధివారికందరికిని ఏమి కీడు?
4. మన సంఘమున ఎన్ని కుటుంబములు చేరి ఒక విత్తనపు పొట్లము కొనవచ్చును? దానిని ఎవరు పంచవలెను?

నాలుగవ ప్రశ్నకు సమాధానము ఈ మాసపు సమావేశముననే నిర్ణయించి పట్టికలో వ్రాసికొన్నయెడల, రాబోవు అదనునకు ప్రతి పెరటను పాదు సిద్ధముగా నుండును.