మొదటి రౌండ్ లెక్క

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసివ్వమని వార్డెన్ సార్ అడిగారు. మేం చదువుతున్నది ఎమ్మెస్సీ గణితం. సూత్రాలతో నింపేస్తామని అనుమానం వచ్చిందేమో, "పిల్లలు పేజీ తిప్పేయకుండా చూడు నాయనా" అని కూడా అన్నారు. అందుకని టెన్నిస్ గురించి రాస్తున్నాం. అదీ ఫైనల్ గురించి కాదు, ఎవరూ పట్టించుకోని మొదటి రౌండ్ల గురించి.

మేం పుట్టింది ధర్మవరంలో. ఆరు నుంచి పది దాకా పెనుకొండ హాస్టల్, ఇంటర్, డిగ్రీ హిందూపురం హాస్టల్. అన్నేళ్లలో టెన్నిస్ రాకెట్ చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు. మా ఆటలు కబడ్డీ, వాలీబాల్, అట్టముక్కతో షటిల్. హాస్టల్‌కు పేపర్ ఒకటే వచ్చేది. సినిమా పేజీ పెద్ద తరగతుల వాళ్లు లాగేసుకుంటే క్రీడల పేజీ మా చేతికి మిగిలేది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదలైందంటే ఆ పేజీ నిండా నోరు తిరగని పేర్లు. "తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం" అని శీర్షిక ఉండేది. వాళ్లను చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఒక్క ఆట ఓడిపోవడానికి అంత దూరం పోవాలా అని.

ఆ నవ్వు మాకే తగిలింది. 2016లో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, హాస్టళ్ల కబడ్డీ పోటీలు హిందూపురంలో పెట్టారు. పెనుకొండ నుంచి పొద్దున ప్యాసింజర్ ఎక్కి పోయాం. పదకొండు జట్లు వచ్చాయి. స్టీలు గ్లాసులో చీటీలు వేసి ఒక చిన్న పిల్లవాడి చేత తీయించారు. మా చీటీ పక్కన వచ్చిన చీటీ అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన జట్టుది. పదకొండు గంటలకల్లా మా పని అయిపోయింది. కట్టుకొచ్చిన చిత్రాన్నం ప్లాట్‌ఫారం మీద కూర్చుని తిన్నాం. సాయంత్రానికి కబురు వచ్చింది. ఫైనల్‌కు వెళ్లిన రెండో జట్టు ఎవరో కాదు, పది రోజుల ముందు మా మైదానానికే వచ్చి మా చేతిలో ఓడిపోయిన జట్టు! మా కెప్టెన్ ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదు. మరుసటి ఏడు జట్టులో పేరు ఇవ్వలేదు. ఇప్పుడు కలిసినా ఆ సంగతి ఎత్తడు.

అసలు ఏం జరిగిందో మాకు డిగ్రీలో గాని అర్థం కాలేదు. అది టెన్నిస్ లెక్కతోనే చెప్పుకుందాం.

పెద్ద టెన్నిస్ టోర్నీలు ఏడాదికి నాలుగు. ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్. వీటినే గ్రాండ్‌స్లామ్‌లంటారు. సింగిల్స్‌లో మగవాళ్లు 128 మంది, ఆడవాళ్లు 128 మంది. ఒక్కసారి ఓడితే బయటికే. 128, 64, 32, 16, 8, 4, 2, చివరికి ఒకరు. గెలిచేవారు ఏడు ఆటలు గెలవాలి. మొత్తం ఆటలు ఎన్ని? కూడికలు అక్కర్లేదు. ఒక్కో ఆటకు ఒక్కరు పోతారు, 127 మంది పోవాలి, కాబట్టి 127 ఆటలు. అందులో 64, అంటే సగం పైచిలుకు, మొదటి రౌండ్‌లోనే అయిపోతాయి. టోర్నీ రెండు వారాలు జరుగుతుంది కానీ వచ్చిన వాళ్లలో సగం మందికి సింగిల్స్ మొదటి రెండు మూడు రోజుల్లోనే ముగుస్తుంది. ఆటకు అది అవమానం కాదు, అంకగణితం.

మరి ఎవరికి ఎవరు తగలాలి? అందరి పేర్లూ ఒకే గ్లాసులో వేస్తే మాకు జరిగినట్టే జరుగుతుంది. అందుకే ర్యాంకును బట్టి 32 మందిని ముందే వేరు చేసి, ఒకరికొకరు దూరంగా కూర్చోబెడతారు. వీళ్లను సీడ్‌లంటారు. ఇద్దరు సీడ్‌లు మూడో రౌండ్ దాకా ఎదురుపడరు. ఒకటో సీడ్, రెండో సీడ్ కలవాలంటే ఫైనలే. మిగిలిన 96 మందికీ చీటీయే దిక్కు. వాళ్లలో 32 మందికి మొదటి ఆటలోనే సీడ్ తగులుతాడు. అంటే సీడ్ లేనివాడికి మొదటి రోజే పెద్దపులి ఎదురయ్యే అవకాశం మూడింట ఒకటి. పదో తరగతి సంభావ్యత పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ చీటీకి పెద్దా చిన్నా తేడా లేదు. ఫ్రెంచ్ ఓపెన్‌ను 14 సార్లు గెలిచిన రఫెల్ నాదల్ గాయాల వల్ల ర్యాంకు పడిపోయి 2024లో సీడ్ లేకుండా అక్కడికి వచ్చాడు. మొదటి రౌండ్‌లో నాలుగో సీడ్ జ్వెరెవ్ తగిలాడు. మూడు సెట్లలో ఓడిపోయాడు. సీడ్ ఉన్నా పూర్తి భరోసా లేదు. అదే నాదల్ 2013లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన రెండు వారాలకే వింబుల్డన్ మొదటి రౌండ్‌లో 135వ ర్యాంకు ఆటగాడు స్టీవ్ డార్సిస్ చేతిలో ఓడాడు. ఆ గెలిచిన డార్సిస్ భుజం నొప్పితో రెండో రౌండ్ ఆడనేలేదు.

ఇంతకూ ఆ 128లోకి ఎట్లా వస్తారు? మగవాళ్లలో 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు. ఎనిమిది మందిని నిర్వాహకులు పిలుస్తారు, దాన్ని వైల్డ్‌కార్డు అంటారు. మిగతా 16 మంది క్వాలిఫయర్లు. ఈ 16 సీట్ల కోసం టోర్నీకి ముందే 128 మంది వచ్చి మూడు ఆటలు గెలవాలి. అంటే పేపర్లో "తొలి రౌండ్‌లోనే" అని మనం చదివే మనిషి అప్పటికే మూడు రౌండ్లు దాటి వచ్చి ఉండొచ్చు. ఎవరైనా చివరి క్షణంలో తప్పుకుంటే ఆఖరి క్వాలిఫయింగ్‌లో ఓడిన వాడిని వెనక్కి పిలుస్తారు. వాడి పేరు లక్కీ లూజర్. మా హాస్టల్‌లో సీటు రాక వెళ్లిపోయి, ఇంకొకడు మానేశాడని మళ్లీ పిలిస్తే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చిన వాళ్లం కొందరం ఉన్నాం. ఆ పేరు వినగానే మాకు ఆ పెట్టె గుర్తొచ్చింది.

మన తెలుగువాళ్ల సంగతికి వద్దాం. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్ 2016 యూఎస్ ఓపెన్‌లో మూడు క్వాలిఫయింగ్ ఆటలు గెలిచి అసలు డ్రాలోకి వచ్చాడు. మొదటి రౌండ్‌లో చెక్ ఆటగాడు జిరి వెస్లీతో ఐదు సెట్లు ఆడి, చివరి సెట్ 5-7తో పోగొట్టుకున్నాడు. రికార్డులో మిగిలింది "మొదటి రౌండ్" అన్న రెండు ముక్కలే. రెండేళ్ల ముందు, 2014లో, ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చింది ఇతనే, సానియా మీర్జాతో కలిసి.

సానియా కథ మొదటి రౌండ్ల కథే అంటాం మేం. అందరికీ గుర్తుండేది 2005 ఫిబ్రవరి. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అలోనా బొందారెంకోపై 6-4, 5-7, 6-3తో గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయ మహిళ అయింది. అదే హైదరాబాద్‌లో, అదే టోర్నీలో, 2003లో వైల్డ్‌కార్డుతో ఆడి మొదటి రౌండ్‌లో ఓడింది. 2004లో మళ్లీ వైల్డ్‌కార్డు, మళ్లీ మొదటి రౌండ్. ఈసారి చీటీలో వచ్చింది ఆస్ట్రేలియా అమ్మాయి నికోల్ ప్రాట్. ఆ ఏడాది కప్పు ప్రాటే గెలిచింది. అంటే సానియాను మొదటి రోజే ఓడించింది టోర్నీ విజేత. మా హిందూపురం కబడ్డీ కథకు దీనికి ఎంత దగ్గరో చూడండి. ఒక తేడా ఉంది. 2005లో ఆ అమ్మాయి మళ్లీ పేరు ఇచ్చింది.

ఆ 2005 జనవరిలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు వైల్డ్‌కార్డుతో వెళ్లి రెండు రౌండ్లు గెలిచింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మూడో రౌండ్ చేరిన మొదటి భారతీయ మహిళ ఆమే. అక్కడ సెరీనా విలియమ్స్ 6-1, 6-4తో ఆపింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. తర్వాత డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, ఆరు గ్రాండ్‌స్లామ్ కప్పులు. 2023లో ఆట మానేసింది. పరీక్షల్లో అడిగేది ఆ ఆరు కప్పులే. 2003, 2004 ఎవరూ అడగరు.

ఇక డబ్బు. ఇక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. యూఎస్ ఓపెన్ 1973 నుంచి మగవాళ్లకూ ఆడవాళ్లకూ సమానంగా ఇస్తోంది. బిల్లీ జీన్ కింగ్ పట్టుబట్టి సాధించింది. వింబుల్డన్ ఒప్పుకోవడానికి 2007 దాకా పట్టింది. గ్రాండ్‌స్లామ్‌లలో మగవాళ్లు మూడు సెట్లు గెలవాలి, ఆడవాళ్లు రెండు గెలిస్తే చాలు, మరి సమానం ఎట్లా అని వాదించేవాళ్లు ఇంకా ఉన్నారు. టికెట్ కొన్నవాడు గంటల లెక్కన కొనలేదన్నది మా మాట.

2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్‌లో ఓడినవారికి లక్షా 32 వేల ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు. సుమారు 70 లక్షల రూపాయలు. ఈ మాట మా నాయనకు చెప్పాం. ఆయన ధర్మవరంలో కూలి మగ్గం నేస్తారు. మగ్గం ఆపి మా మొహం చూశారు.

"ఓడిపోయినోనికి డెబ్బై లచ్చలా? మాకు పోగు తెగితే కూలిలో పట్టుకుంటారు కదరా!"

కాసేపు నవ్వి, మళ్లీ నాడె అందుకుంటూ అడిగారు. "అది సరేగానీ, ఆ మొదటి ఆట దాకా పోయేదానికి వానికి ఎంత ఖర్చయింటాది?"

బడికి పోని మా నాయన అడిగిన ఈ ప్రశ్న మాకు తట్టలేదు. జవాబు సుమీత్ నాగల్ దగ్గర ఉంది. ఈ హర్యానా కుర్రాడు 2019 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయర్‌గా వచ్చాడు. మొదటి రౌండ్ చీటీలో ఫెడరర్! మొదటి సెట్ 6-4తో గెలిచి, తర్వాత మూడూ ఓడాడు. 2023లో దేశంలో నంబర్ వన్‌గా ఉండి కూడా, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మాత్రమే ఉన్నాయని చెప్పాడు. అంటే సుమారు 80 వేల రూపాయలు. కోచ్, విమానాలు, గదులు, వైద్యం, అన్నీ తినేస్తాయి. చిన్న టోర్నీల్లో మొత్తం బహుమతే 15 వేల డాలర్లు. అక్కడ మొదటి రౌండ్‌లో ఓడితే రెండు వందల డాలర్లు కూడా రావు. నాగల్ 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు మళ్లీ క్వాలిఫయింగ్ నుంచే వచ్చి మొదటి రౌండ్‌లో సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో సీడ్‌ను ఓడించిన భారతీయుడు ఇతనే. రెండో రౌండ్‌లో ఓడినా లక్షా 80 వేల ఆస్ట్రేలియా డాలర్లు వచ్చాయి, దాదాపు కోటి రూపాయలు. ఒక్క ఆట గెలిచినందుకు కాదు, ఆ ఆట దాకా వచ్చినందుకు. మా నాయన లెక్కలో అయితే అది పాత బాకీ తీరడం.

టెన్నిస్ డబ్బున్నోళ్ల ఆట అని మనం ఊరికే అనుకోలేదు. అయినా మన పక్కనే ఒక వింత ఉంది. బత్తలపల్లి ఆస్పత్రి ఎవరిదో ధర్మవరం పిల్లలకు చెప్పక్కర్లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థది. అదే సంస్థ, నాదల్ ఫౌండేషన్ కలిసి అనంతపురంలో పేద పిల్లలకు టెన్నిస్ బడి పెట్టాయి. 2010 అక్టోబరులో నాదలే స్వయంగా వచ్చి ప్రారంభించాడు. ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పేలా దాన్ని పెట్టారు. మేం పీజీకి అనంతపురం వచ్చాక ఒక సాయంత్రం కంచె బయట నిలబడి చూశాం. నూనె పెట్టి జడలు బిగించుకున్న ఒక పాప సర్వీసు వేస్తోంది. రెండు బంతులూ నెట్‌కు తగిలాయి. డబుల్ ఫాల్ట్, పాయింట్ పోయింది. పాప జడ వెనక్కి వేసుకుని పక్క గడిలోకి నడిచి, మళ్లీ బంతి ఎగరేసింది. మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. ఇంటర్ మొదటి ఏడు ఇంగ్లీషు తప్పినప్పుడు పెట్టె సర్దుకుని మగ్గం మీదికి పోదామనుకున్నాం. ఆ పాపను చూస్తుంటే ఆ రాత్రి గుర్తొచ్చి చాలాసేపు అక్కడే ఉన్నాం.

చివరగా ఒక ఇంటిపని. ఈ వార్షికోత్సవానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్లకు మళ్లీ కబడ్డీ పెడుతున్నారట, మళ్లీ పదకొండు జట్లేనట. పదకొండుకు పైన ఉన్న రెండు ఘాతం పదహారు. కాబట్టి ఐదు జట్లకు మొదటి రౌండ్‌లో బై ఇవ్వాలి, ఆరు జట్లు మూడు ఆటలు ఆడాలి. మొత్తం ఆటలు పది. పోయినేడు సెమీస్ ఆడిన నాలుగు జట్లను సీడ్ చేసి నాలుగు మూలల్లో పెట్టండి, నాలుగు బైలు వాళ్లకే. ఐదో బై ఎవరికన్నది మాత్రం స్టీలు గ్లాసుకు వదిలేయండి. డ్రా కాగితం మేం గీసి తెస్తాం. మా పాత కెప్టెన్ ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. చీటీలు తీయడానికి రమ్మని ఫోన్ చేశాం. షిఫ్టు చూసుకుని చెప్తానన్నాడు.