బదరీవృక్షము క్రింద ఏలీయా

పఠనీయ భాగము: 1 రాజులు 19:1-18



కర్మెలు పర్వతముమీద అంతటి జయము చూచిన ఏలీయా, యెజెబెలు పంపిన కబురు విని ప్రాణభీతితో పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దిన ప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణము కోరెను. దాసుని వెనుక విడిచెనను ఆ చిన్న మాటయొద్ద మనము సాధారణముగా నిలువము. మనుష్యుడు చావు కోరుటకు ముందు తోడివారిని విడిచిపెట్టుట అనేక పర్యాయములు కనబడుచున్నది.

మన యౌవనస్థుల విషయములో ఈ గురుతును మనము తప్పుగా చదువుచున్నాము. కూటమునకు రాని పిల్లవాడు లోకములో పడెనందుము. అన్నము ముట్టని పిల్లకు పొగరందుము. నిద్ర పట్టక తెల్లవారుజాము వరకు దొర్లి, పగలు లేవలేనివానిని సోమరి యందుము. ఇష్టమైన ఆట, పాట, స్నేహము మాని రెండు వారములు గడిచినయెడల అది వ్యాధి కావచ్చును. మానసిక వ్యాధులలో దాదాపు సగము 18 ఏండ్లలోపే ఆరంభమగునని వైద్యులు చెప్పుచున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన కొద్ది దినములలోనే 20 మందికి పైగా విద్యార్థులు మరణించిరి. ఒక్క పరీక్షయే కారణమని చెప్పరాదు. అట్టి మరణమునకు సాధారణముగా పలు కారణములుండును.

ఇక దేవుడు ఏలీయాకు ఏమి చేసెనో చూడుడి. దూత వచ్చి ప్రసంగము చేయలేదు. తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లబుడ్డిని చూపెను. ప్రవక్త తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత కోపపడక రెండవమారు తట్టి లేపి, ప్రయాణము అతని శక్తికి మించినదని ఒప్పుకొనెను. హోరేబులో దేవుడు ప్రశ్న వేసి, అతని మొర యావత్తు వినెను. రెండవమారు అడుగగా ఏలీయా ఆ మాటలనే తిరిగి చెప్పెను, దేవుడు మరల వినెను. నీవొక్కడవే కావు, ఏడువేలమంది యున్నారను సంగతి చిట్టచివర వచ్చినది. మనమో, ఆ ఏడువేలమందితోనే మొదలుపెట్టుదుము: “ఊరిలో పిల్లలందరు చదువుట లేదా, నీకేమి వచ్చినదిరా?”

చనిపోవలెనని తలంపు వచ్చుచున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడుగుడి. అడిగినందున ఆ తలంపు పుట్టదు; దాచుకొన్న భారము దిగవచ్చును. అవునని చెప్పినయెడల ఒంటరిగా విడువకుడి. పురుగుమందు ఇంట నుంచకుడి. తాళము వేసి మరియొకచోట నుంచుడి. 14416 అను టెలిమానస్ నంబరుకు రాత్రియైనను పగలైనను ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునికి చూపుడి.

ఉపవాస ప్రార్థన చాలును, మందెందుకని కొందరు నన్నడుగుచున్నారు. హిజ్కియా ప్రార్థన దేవుడు ఆలకించిన పిమ్మటనే గదా యెషయా అతని పుండుకు అంజూరపుపండ్ల ముద్ద వేయించినది! పోలీసు కేసగునని భయపడి, ప్రాణము తీసికొనబోయిన బిడ్డను ఇంట దాచుటయు కలదు. 2017 మానసిక ఆరోగ్య చట్టము అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారిగా ఎంచి, శిక్షనుండి కాపాడుచున్నది. క్షణమాలసింపక ఆసుపత్రికి తీసికొని పొండి.

ఫలితములు వెలువడు వారములో స్త్రీల సమాజపు సహోదరీలు పరీక్ష వ్రాసిన పిల్లలున్న ప్రతి యింటికి సాయంకాలము వెళ్లి రావలెనని కోరుచున్నాను. మార్కులడుగ నక్కరలేదు. పిల్లలు భోజనము చేసిరో లేదో కనుగొనుడి.